పక్కింటి తాళంచెవి

చెవి లోపలికి వెళ్ళింది. తిరగలేదు.

బయటికి తీసి, చొక్కా కొసతో తుడిచి మళ్ళీ పెట్టాను. కుడివైపు తిప్పాను, ఎడమవైపు తిప్పాను. కొన్ని తాళాలు కప్పని కాస్త పైకెత్తి పట్టుకుంటే గానీ పడవు. అలా కూడా చూశాను. లాభం లేదు. పక్కనున్న కిటికీ సందులోంచి పాలు మాడిన వాసన వస్తోంది. ఇంకాసేపు ఉంటే మాడేది పాలు ఒక్కటే కాదని తెలుస్తోంది.

పొద్దున పదిన్నర. తెనాలిలో మా పక్కింటివాళ్ళు, మొగుడూ పెళ్ళాం, బంధువుల ఇంట్లో ఓణీల ఫంక్షన్‌కని రేపల్లె రైలెక్కారు. బండి జంపని దాటాక ఆవిడకి గుర్తొచ్చింది, పొయ్యి మీద పాలు సిమ్‌లో పెట్టి మర్చిపోయి వచ్చేశానని. వెంటనే నాకు ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి చొక్కా జేబులో వేసుకుని, మా వంటింటి మేకుకి ఉండే వాళ్ళ తాళంచెవి తీసుకుని పరిగెత్తాను. ఇరవయ్యేళ్ళ నుంచి అది ఆ మేకుకే ఉంది.

"తలుపు తీశారా అన్నయ్యగారూ?" జేబులోంచి ఆవిడ గొంతు.

"తాళం తిరగటం లేదమ్మా."

"అదేంటండీ! నల్లతాడు కట్టిందేగా? మేకుకి ఉండేది?"

"అదేనమ్మా. నల్లతాడుదే పెట్టాను."

అప్పుడు రైలు చప్పుడు వెనకనుంచి ఆవిడ భర్త గొంతు వినిపించింది. నాతో కాదు, ఆవిడతో. "ఆ తాళం కాదే. అది మార్చాంగా."

నేను చెవి బయటికి తీసి జేబులో వేసుకున్నాను.

ఇంతలో మా ఆవిడ రోట్లో పచ్చడి నూరే బండ పట్టుకొచ్చింది. "తిరక్కపోతే కొట్టండి, చూస్తారేం" అంది. కొట్టాను. నాలుగో దెబ్బకి గొళ్ళెం చెక్కలోంచి మేకులతో సహా ఊడొచ్చింది. తాళానికి మాత్రం ఏమీ కాలేదు. వేసింది వేసినట్టే గొళ్ళానికి వేలాడుతోంది.

వంటింట్లో పొగ కమ్మేసి ఉంది. గిన్నె అడుగు ఎర్రగా కాలి, పక్కనున్న మసిగుడ్డ అంచు రాజుకోబోతోంది. మా ఆవిడ వంటింటి గడప దగ్గరే ఆగిపోయింది. "మీరెళ్ళి ఆపండి. నేను రాను" అంది. పొగ పడదేమో అనుకున్నాను. పొయ్యి ఆపి, కిటికీ తీసి, గిన్నెని సింకులో పెట్టి నీళ్ళు వదిలాను. జేబులోని ఫోన్‌తో, "ఆపేశానమ్మా. గిన్నె ఒక్కటే పోయింది" అన్నాను.

"మీ మేలు మర్చిపోలేనండీ అన్నయ్యగారూ" అంది. ఆయన లైన్‌లోకి రాలేదు.

గొళ్ళెం ఊడిన తలుపుకి తాళం వేయడం కుదరదు. అందుకని వాళ్ళు తిరిగొచ్చేదాకా వాళ్ళ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ ఇంటికి పడని తాళంచెవి జేబులో పెట్టుకుని ఆ ఇంటికే కాపలా. మధ్యాహ్నం మూడు దాకా నాకు వేరే పని లేకపోయింది. కూర్చుని చేతిలో ఉన్న తాళాన్నీ చెవినీ పక్కపక్కన పెట్టి చూశాను. కొత్తదీ అదే కంపెనీ, అదే సైజు, అదే గుండ్రటి ఇత్తడి తాళం. పట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. పాతదానికి అడుగున ఆకుపచ్చ రంగు చుక్క ఉండేది, వాళ్ళు గేటుకి రంగు వేయించినప్పుడు పడింది. దీనికి ఆ చుక్క లేదు. మారిందని ఎవరూ గమనించకూడదనే అలాంటిదే వెతికి తెచ్చారా, లేక అలవాటుగా అదే కొన్నారా అన్నది తాళాన్ని చూస్తే తెలిసే సంగతి కాదు.

మా వైపు మాటల్లో తాళానికీ తాళంచెవికీ తేడా లేదు. పక్కింటికి వెళ్ళి "తాళం ఉంచండి" అంటాం, ఇచ్చేది చెవి. "తాళం ఇవ్వండి" అంటాం, అడిగేది చెవి. తాళంచెవి అన్న మాట నేను ఎక్కువగా వార్తల్లోనే రాశాను. నోటితో వాడింది తక్కువ. ఆ రెండూ వేరు వేరని, ఒకటి మార్చి రెండోది వదిలేయొచ్చని ఆ రోజు దాకా నాకు తోచలేదు.

చిన్నప్పుడు బాపట్లలో మిషన్ బడి కాంపౌండ్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఆ బడిలో టీచరు. పగలు తలుపు మూయడమంటే అమ్మ దృష్టిలో దగ్గరగా వేయడమే. "తలుపు దగ్గరగా వేసి రారా" అనేది. గడియ పెట్టమని అర్థం కాదు, కుక్క దూరకుండా చూడమని. తాళం ట్రంకుపెట్టెలో ఉండేది. ఆసుపత్రికో, పై ఊళ్ళో చర్చి పండక్కో వెళ్ళినప్పుడే బయటికొచ్చేది. వేశాక చెవి ఎదురింటి టీచరుగారి దగ్గర ఉండేది. మేం తిరిగొచ్చేసరికి ఆవిడ మా కుండలో మంచినీళ్ళు పట్టి ఉంచేది. ఇల్లు కాపాడమని ఎవరూ ఎవరినీ అడిగినట్టు గుర్తులేదు.

ఉద్యోగంలో చేరాక రేపల్లెలో విలేకరిగా ఆరేళ్ళు చేశాను. అద్దె గది. ఇంటివాళ్ళ మామ్మగారికి ఒక పట్టు ఉండేది. తాళం వేశాక మూడుసార్లు లాగి చూడాలి. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి "లాగావా అబ్బాయ్?" అని అరిచేది. లాగాను మామ్మగారూ అంటే, "రెండుసార్లే చప్పుడైంది" అనేది. ఇప్పటికీ మూడుసార్లు లాగుతాను. అప్పట్లో వార్తల కోసం నిజాంపట్నం హార్బరుకి వెళ్ళేవాణ్ణి. అక్కడ మత్స్యకారుల ఇళ్ళకి తాళం నొక్కకుండా ఉత్తినే గొళ్ళానికి తగిలించి ఉండేది. ఒకావిడని అడిగితే నవ్వింది. "నొక్కితే చెవి వెతుక్కోవద్దా సార్? మేం లేమని తెలిస్తే చాలదా, ఇంకెవరొస్తారు?" అంది. దాన్ని చిన్న ఐటమ్‌గా రాశాను.

తర్వాత వార్తలు దిద్దే డెస్క్‌లోకి మారి తెనాలిలో ఇల్లు కట్టుకున్నాం. పక్కింటివాళ్ళది రేపల్లె దగ్గర మాగాణి ఉన్న రైతు కుటుంబం. ఆయన ఎరువుల వ్యాపారం. మేం గృహప్రవేశం చేసిన వారంలోనే ఆవిడ తాళంచెవికి నల్లతాడు కట్టి తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది. "మేం ఊళ్ళకి తిరిగేవాళ్ళం వదినగారూ. ఇది మీ దగ్గరుంటే నాకు నిశ్చింత" అంది. మేమూ మాది ఇచ్చాం. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది కాబట్టి ఆయనకి నేను బావగారినయ్యాను. వరస అలా కలిసిపోయింది. క్రిస్మస్‌కి మేం బేకరీ కేకు పంపితే సంతోషంగా తీసుకునేవాళ్ళు. ఇంట్లో చేసింది పంపకూడదని మా ఆవిడకి మొదటి ఏడాదే అర్థమైంది. ఎలా అర్థమైందో నేను అడగలేదు. మనుషుల్ని చూసి రాయడమే నా ఉద్యోగం అనుకునేవాణ్ణి, అది ఆఫీసు పనేనని ఇంట్లో చూడటం మానేశాను.

మూడింటికి వాళ్ళు ఆటో దిగారు. ఆవిడ గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన తలుపు దగ్గర ఆగి ఊడిన గొళ్ళాన్ని చూశాడు.

"ఏంటి బావగారూ, పేపరోళ్ళు పెన్నుతోనే కొడతారనుకున్నా. బండతో కూడానా?"

ఎప్పుడూ ఇలాగే మాట్లాడతాడు, నేనూ ఎప్పుడూ నవ్వుతాను. ఆ రోజు నవ్వకుండా పాత చెవిని చెయ్యి చాపి చూపించాను. "ఇది దేనికి పడుతుంది బావగారూ?"

ఆయన చెవి వంక చూసి, నా వంక చూసి, లోపలికి వెళ్ళాడు. టీవీ కింద సొరుగు లాగిన చప్పుడైంది. కరెంటు బిల్లులు దాచుకునే ప్లాస్టిక్ కవరులోంచి ఒక పేపరు ముక్క తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. చుట్టూ గీత వెంబడి కత్తెరతో నీటుగా కత్తిరించిన బాక్స్ ఐటమ్. 'ఊరెళ్తున్నారా? జాగ్రత్త!' అని హెడ్డింగ్. చివరి వాక్యం కింద పెన్సిల్‌తో గీత.

"మీరే రాశారుగా" అన్నాడు. "మీ పేపరే. చదివాను, తాళం మార్చాను."

పొద్దున ఫోన్‌లో విన్నది మార్చాం. ఇప్పుడన్నది మార్చాను. జీవితమంతా ఇతరుల వాక్యాలు దిద్దినవాణ్ణి, క్రియ చివర తేడా నా చెవిని దాటిపోదు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తలెత్తలేదు.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే బాధపడతారనండీ. పాతది మీ దగ్గరే ఉంటే మీకూ మర్యాదగా ఉంటుంది కదా అని ఉంచేశాం" అన్నాడాయన.

మర్యాద. అంటే ఇన్నేళ్ళూ నేను జాగ్రత్త చేసింది ఒక మర్యాదని. వాళ్ళు ఊరెళ్ళినప్పుడల్లా మేకు వంక చూసుకునేవాణ్ణి. మేం ఊరెళ్ళాల్సి వస్తే, పక్కింటి తాళం మన దగ్గరుంది, ఇద్దరం ఒకేసారి వెళ్తే ఎలా అని వాళ్ళని ముందు అడిగి ప్రయాణం పెట్టుకునేవాణ్ణి. ఒకసారి మా ఆవిడ చెల్లెలి ఇంటికి ఆ కారణంగానే ఒక రోజు ఆలస్యంగా వెళ్ళాం.

ఆ కటింగ్ గురించి మాత్రం నేను కాదనలేను. అది నాదే. ఏటా వేసవి సెలవులకి ముందు పోలీసులు ఒక ప్రకటన పంపేవాళ్ళు. తలుపులకి గట్టి తాళాలు వేయండి, నగలు బ్యాంకులో పెట్టండి, ఊరెళ్తున్నట్టు స్టేషన్‌లో చెప్పండి, అదీ వరస. దాన్ని బాక్స్ కట్టి జిల్లా పేజీలో పెట్టడం నా పని. మొదటిసారి పెట్టినప్పుడు బాక్స్ నాలుగు లైన్లు తక్కువైంది. పేజీ ప్రెస్సుకి వెళ్ళే టైమైంది. డెస్క్‌లో పనిచేసినవాళ్ళకి ఇది మామూలు. తక్కువైన చోట ఎవరికీ అభ్యంతరం లేని వాక్యం ఒకటి అతికిస్తాం. నేను అతికించింది ఇది: 'ఇంటి తాళంచెవులను ఇరుగుపొరుగు వారి వద్ద ఉంచే అలవాటును మానుకోవాలి, ఎందుకంటే నమ్మకస్తులే అయినా వారి ఇంటికి ఎవరెవరు వస్తుంటారో మనకు తెలియదు.'

పోలీసుల ప్రకటనలో ఆ మాట లేదు. ఎవరూ చెప్పలేదు. చదువుతుంటే సలహాలా ఉంది, నాలుగు లైన్లకి సరిపోయింది. అది రాస్తున్నప్పుడు పక్కింటి చెవి మా మేకుకే ఉందన్న సంగతి నాకు గుర్తుకూడా రాలేదు. పేపర్లో రాసేది ఊరికి, ఇంట్లో ఉండేది మనకి. ఆ తర్వాత ఏటా పాత బాక్స్‌నే తీసి మళ్ళీ వాడుకున్నాం. నేను రిటైరయ్యేదాకా ఆ వాక్యం అలాగే వచ్చింది.

సాయంత్రం చిక్కుడుకాయలు తుంచుతున్న మా ఆవిడకి ఇదంతా చెప్పాను. తప్పు నాది కూడా ఉంది, ఆయన నా మాటే విన్నాడు అన్నాను. ఆవిడ చేతిలో కాయకి ఈనె తీసింది.

"ఆవకాయ జాడీలు గుర్తున్నాయా మీకు?" అంది.

గుర్తులేకపోవడమేమిటి. ఏడెనిమిదేళ్ళ కిందట ఒక ఎండాకాలం పక్కింటావిడ మూడు జాడీల కొత్తావకాయ మాకిచ్చింది. ఈ ఏడు కాయ ఎక్కువొచ్చింది, మీరు వాడుకోండి వదినగారూ అని. అంత మంచి ఆవకాయ నేను తినలేదు. ఆఫీసుకి డబ్బాలో పట్టుకెళ్ళి నలుగురికి పెట్టి, ఇరుగుపొరుగు అంటే ఇలా ఉండాలి అని చెప్పుకున్నాను కూడా.

"అంతకుముందు వారం వాళ్ళు వేటపాలెం పెళ్ళికి వెళ్ళారు. మీరు ఆఫీసులో ఉన్నారు. మధ్యాహ్నం గాలివాన. వాళ్ళ వంటింటి కిటికీ టపటపా కొట్టుకుంటుంటే ఆవిడకి ఫోన్ చేశాను. కాస్త వేసి రండి వదినగారూ అంది. ఈ చెవితోనే తీసి వెళ్ళాను. వంటింట్లో నీళ్ళు పారుతున్నాయి. గుడ్డతో వాసెన కట్టిన జాడీలు కింద ఉన్నాయి. నీళ్ళు వాటి దాకా వచ్చేశాయి. మూడూ ఎత్తి గట్టు మీద పెట్టాను. నేల తుడిచి, తాళం వేసి వచ్చేశాను. వాళ్ళు రాగానే నేనే చెప్పాను, జాడీలు తడుస్తుంటే పైన పెట్టానని."

"మంచిదేగా."

"మర్నాడు మూడు జాడీలూ మనింటికొచ్చాయి. ఏడాదికని పెట్టుకున్నది మొత్తం. మూడో రోజు వాళ్ళ పెరట్లో మళ్ళీ మామిడికాయ కొట్టిన చప్పుడు విన్నాను."

చిక్కుడు గింజ ఒకటి నేల మీద పడి దొర్లింది. ఆవిడే తీసింది.

"నాకు చెప్పలేదేం?"

"మీరు లొట్టలేసుకుంటూ తింటున్నారు. చెప్పి ఏం చేయను?"

"అందుకా పొద్దున గడప దగ్గర ఆగావు?"

"జాడీలు అక్కడే ఉన్నాయి. చూడలేదా మీరు? ఈ ఏటివి. మళ్ళీ వాళ్ళు కాయ కొట్టుకోవాల్సిన పని పెట్టడమెందుకు."

నేను చూడలేదు. పొయ్యినీ పొగనీ చూశాను. ఆ ఏడాదంతా నేను మెచ్చుకుంటూ తిన్నది మా ఆవిడ చెయ్యి తగిలిందని వాళ్ళు వదిలేసుకున్న పచ్చడి. అది తెలిసి ఆవిడ రోజూ నాకు వడ్డించింది. తను ఒక్కసారీ వేసుకోలేదన్నది ఇప్పుడు ఆలోచిస్తే గుర్తొస్తోంది. కారం పడటం లేదని చెప్పేది.

ఆ గాలివాన తర్వాత ఆ చెవితో మేం ఆ తలుపు తీసిన సందర్భం ఒక్కటీ మా ఇద్దరికీ గుర్తు రాలేదు. వాళ్ళు తీయమని అడగలేదు.

అంటే తాళం మార్చింది నా వాక్యం చదివా, మా ఆవిడ జాడీలు ముట్టుకుందనా? పాత్రికేయుడికి ఇది తేలికగా తేలాల్సిన విషయం. కటింగ్ మీద తేదీ ఉంటే చాలు. అది జాడీల తర్వాతి వేసవిదైతే ఆయన చెప్పింది నిజం కావచ్చు. అంతకుముందుదైతే సాకు, గాలివాన రోజున పాత చెవి పడింది కాబట్టి. కానీ ఆయన గీత వెంబడి కత్తిరించాడు, తేదీ పోయింది. చేతిలోనే తెచ్చేసుకున్న ఆ ముక్కని వెనకవైపు తిప్పి చూశాను, కాలువలకి నీళ్ళు ఆపడం గురించిన వార్త సగం ఉంది. కాలువలకి ఏటా వేసవిలో నీళ్ళు ఆపుతారు. బాక్స్‌లో వాక్యాలూ ఏటా అవే. ఆ ముక్క ఏ ఏడాదిదైనా కావచ్చు. కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట నేర్పిన పాఠం, ఏ కటింగ్ మీదైనా పైన తేదీ రాసుకోమని. ఆ పాఠం పక్కింటాయనకి చెప్పే అవసరం వస్తుందని అనుకోలేదు.

పక్కింటావిడకి తాళం మార్చిన సంగతి తెలుసా లేదా అన్నదీ అలాగే ఉంది. తెలిస్తే ఆ పొద్దున నాకు ఫోన్ ఎందుకు చేసింది? తెలియకపోతే ఆయన మార్చాం అని ఎందుకన్నాడు? కంగారులో మర్చిపోయిందని మా ఆవిడ అంటుంది. కావచ్చు. మళ్ళీ కాయ కొట్టుకున్న చెయ్యీ ఆవిడదే, ఇరవయ్యేళ్ళ కిందట నల్లతాడు కట్టి తెచ్చిన చెయ్యీ ఆవిడదే.

మా తాళంచెవి వెనక్కి అడుగుదామా అన్నాను. మా ఆవిడ వద్దంది. "అడిగితే జాడీల సంగతి మనకి తెలుసని వాళ్ళకి తెలుస్తుంది. ఆ తర్వాత గోడ మీదుగా కరివేపాకు అడగటానికి కూడా ఉండదు" అంది. అందుకని మా తాళం వాళ్ళ దగ్గరే ఉంది. అది మా తలుపుకి పడుతుంది.

రెండు రోజులకి వడ్రంగి వచ్చి కొత్త గొళ్ళెం బిగించాడు. ఆ సాయంత్రం పక్కింటాయన వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నాను, ఫరవాలేదండీ అన్నాడు. చేతిలో కొత్త తాళంచెవి, దానికి నల్లతాడు.

"ఇది ఉంచండి సార్" అన్నాడు.

ఇన్నేళ్ళలో నన్ను సార్ అనడం అదే మొదటిసారి. తీసుకుని పాతదాని పక్కనే మేకుకి తగిలించాను.

ఆ తర్వాత వాళ్ళు రెండుసార్లు ఊరెళ్ళారు. రెండుసార్లూ ఆవిడ గోడ దగ్గరకొచ్చి, తాళం మీ దగ్గరుందిగా వదినగారూ అంది, మా ఆవిడ ఉందండీ అంది. ఆ చెవి ఆ తాళానికి పడుతుందో లేదో మేం చూడలేదు.